పెరటి ప్రశ్నలు: చామంతికి చీకటి కావాలి

లంబసింగిలో గడ్డి మీద మంచు పేరుకున్న ఫొటోలు ఫోన్లలో తిరగడం మొదలైందంటే చాలు, విశాఖ నుంచి ఒకే రకం ఉత్తరాలు వస్తాయి. మొక్కలకు గోనెపట్టా కప్పాలా, గోరువెచ్చని నీళ్లు పోయాలా అని. రెండూ అక్కర్లేదు. నగరంలో డిసెంబరు, జనవరి రాత్రులు మామూలుగా 17 నుంచి 20 డిగ్రీలు. పగలు 28కి అటూ ఇటూ. మనం స్వెట్టరు వేసుకున్నా, మొక్కకు ఏడాదిలో ఇంతకన్నా సుఖమైన కాలం లేదు. ఈ రోజుల్లో ఇక్కడ మొక్క డీలా పడితే నేరం చలి మీద మోపకండి. నీళ్లు, ఉప్పు, నీడ, దీపం, ముదిరిన నారు... ఎక్కడో వీటిలోనే దొంగ దొరుకుతాడు.

ప్ర: మాది రెండో అంతస్తు. బాల్కనీలో నాలుగు చామంతి కుండీలున్నాయి. నిరుడు కడియం నుంచి తెప్పించినప్పుడు నిండా పూలే. ఈసారి మోకాలెత్తు పెరిగాయి, ఆకు నిగనిగలాడుతోంది, మార్గశిరం వచ్చినా ఒక్క మొగ్గ లేదు. ఎరువు తక్కువైందంటారా?
— గృహిణి, ఎం.వి.పి. కాలనీ

జ: ఎరువు తక్కువైతే ఆకు నిగనిగలాడదు కదండీ. ఒకసారి బాల్కనీలో నిలబడి ఎదురుగా వీధిదీపం ఉందేమో చూడండి.

చామంతి రాత్రి నిడివిని బట్టి పూస్తుంది. రాత్రి సాగితేనే కొమ్మ చివర ఆకుచివురు ఆగి మొగ్గ కడుతుంది. మన దగ్గర సెప్టెంబరు చివర్లో రాత్రి పగటిని దాటుతుంది, డిసెంబరు నాలుగో వారానికి దాదాపు 13 గంటలకు చేరుతుంది. ఆ చీకటి మధ్యలో తెగకూడదు. రాత్రంతా తెల్లటి ఎల్‌ఈడీ దీపం మీద పడుతుంటే మొక్క ఇంకా ఎండాకాలమే అనుకుని ఆకు మీద ఆకు వేస్తూ పోతుంది. మీ మొక్క మోకాలెత్తు పెరగడానికి అదే కారణం కావచ్చు.

పరీక్ష సులువు. రాత్రి తొమ్మిదింటికి ఇంట్లో దీపాలన్నీ ఆర్పి, కుండీ పక్కన దినపత్రిక పట్టుకోండి. శీర్షికలు చదవగలిగితే ఆ వెలుతురు చామంతికి ఎక్కువే. కుండీలను డాబా మీద నీళ్ల ట్యాంకు వెనక్కి, వీధిదీపం పడని వైపుకు మార్చండి. పగలు మాత్రం అయిదారు గంటల ఎండ తగలాలి. మార్చే వీలు లేకపోతే సాయంత్రం ఆరింటికి పెద్ద అట్టపెట్టె బోర్లించి, ఉదయం ఆరింటికి తీసేయండి. మొగ్గల్లో రంగు కనబడేదాకా రోజూ చేయాలి. మూడు రోజులు కప్పి నాలుగో రోజు మరిచిపోతే కష్టమంతా నీళ్లపాలు. ఈ వారం మొదలుపెడితే మూడు నాలుగు వారాల్లో మొగ్గ, ఎనిమిది వారాలకు అటూ ఇటూగా పువ్వు. సంక్రాంతికి అందవు, రథసప్తమి నాటికి ఆశ పెట్టుకోవచ్చు.

ఈలోగా యూరియా, నూనెచెక్క పిండి నానబెట్టిన నీళ్లు ఆపేయండి. 0-0-50 ఎరువు (పొటాషియం సల్ఫేట్) లీటరు నీటికి 2 గ్రాములు కలిపి పదిహేను రోజులకోసారి పోయండి. ఇప్పుడు తలలు తుంచొద్దు. ఆ పని ఆగస్టు నెలాఖరుతో ముగించాలి. పూలయ్యాక నాలుగు అంగుళాలు ఉంచి కోసేస్తే మొదట్లోంచి పిలకలు వస్తాయి. వేళ్లతో సహా విడదీసి వేరే కుండీల్లో పెట్టుకుంటే అవే వచ్చే ఏటి మొక్కలు. ఒక సంగతి: నర్సరీ చామంతి పొట్టిగా, గుబురుగా ఉండటం వెనుక తరచుగా ఎదుగుదలను అణిచే మందు ఉంటుంది. రెండో ఏడు ఆ మందు ఉండదు కాబట్టి మొక్క తన సహజమైన ఎత్తుకు లేస్తుంది. అది రోగం కాదు.

ప్ర: నవంబరులో నర్సరీ నుంచి కాలీఫ్లవర్ నారు తెచ్చి వేశాం. మొక్క జానెడు కూడా ఎదగకముందే నిమ్మకాయంత పువ్వు వేసి ఆగిపోయింది. ఇంకా ఉంచితే పెద్దదవుతుందా?
— ఉద్యోగి, గాజువాక

జ: అవ్వదు. కోసి కూరలో వేసుకుని ఆ సంచీ ఖాళీ చేయండి. నిమ్మకాయ పువ్వు వేసిందంటే మొక్క కడుపు మాడిందని అర్థం. కాలీఫ్లవర్ ముందు పదిహేను ఇరవై పెద్ద ఆకులు వేసుకోవాలి, ఆ ఆకుల సత్తువతోనే పువ్వు ఊరుతుంది. ఆకులు ఎదిగే వయసులో ఎక్కడ దెబ్బ తగిలినా, ఉన్న నాలుగు ఆకులతోనే తొందరపడి పువ్వు వేసేస్తుంది.

దెబ్బ సాధారణంగా నారు దగ్గరే తగులుతుంది. నర్సరీ ట్రేలో నలభై రోజులు దాటిన నారు కాడ గట్టిపడి ఊదారంగుకు తిరుగుతుంది. వేళ్లు గడిలో చుట్టలు చుట్టుకుని ఉంటాయి. 25–30 రోజుల నారు, నాలుగైదు ఆకులు, మెత్తటి పచ్చటి కాడ ఉన్నదే తీసుకోండి. ట్రే గడిలోంచి ఒక మొక్కను పైకి లాగి చూపించమని అడగడానికి మొహమాటపడొద్దు. వేళ్లు తెల్లగా ఉండి మట్టి కనబడుతుంటే మంచిది. గోధుమరంగు వేళ్ల గూడులా ఉంటే వదిలేయండి.

రెండోది రకం. ఉత్తరాది చలికి తయారైన స్నోబాల్ తరహా ఆలస్యపు రకాలు మన 18 డిగ్రీల రాత్రులకు ఆకులు వేస్తూ కూర్చుంటాయి, పువ్వు కట్టవు. మనకు స్వల్పకాలికం, మధ్యకాలికం అన్న రకాలే అడగాలి. వాటిని కూడా సెప్టెంబరు, అక్టోబరుల్లో నాటడం మేలు.

మొక్కకు కనీసం 15 అంగుళాల సంచీ ఒకటి. నాటిన రెండు వారాలకు రెండు గుప్పిళ్ల వర్మికంపోస్టు, ఆపైన పదిహేను రోజులకోసారి అంతే. తడి ఎండకూడదు, నిలవకూడదు. పువ్వు కోడిగుడ్డంత కాగానే చుట్టూ ఉన్న ఆకులను పైకి మడిచి దారంతో వదులుగా కట్టండి. ఎండ తగిలితే పువ్వు పసుపెక్కి చేదు తిరుగుతుంది. కట్టిన వారం పది రోజుల్లో కోసేయాలి, విచ్చుకునేదాకా ఆగొద్దు. పువ్వు కోసినప్పుడు కాడ బోలుగా, లోపల గోధుమరంగుగా ఉంటే బోరాన్ చాలలేదన్నమాట. మిగిలిన మొక్కలకు లీటరుకు 1 గ్రాము బోరాక్స్ కలిపి ఒక్కసారి చల్లండి. రెండోసారి వద్దు, బోరాన్ ఎక్కువైతే ఆకు అంచులు మాడతాయి.

ఆకుల మీద కిటికీల్లాంటి పొరలు, చిన్న చిన్న చిల్లులు కనబడితే డైమండు మచ్చల రెక్కల పురుగు. సాయంత్రం ఆకు అడుగున బీటీ పొడి (పురుగును చంపే బాక్టీరియా మందు) లీటరుకు 1–2 గ్రాములు చల్లాలి. పొద్దున చల్లితే ఎండకు చచ్చుబడుతుంది. పక్కనే రెండు కుండీల్లో ఆవాలు చల్లి ఉంచితే ఆ రెక్కల పురుగు గుడ్లు పెట్టడానికి అటు పోతుంది. ఆవ ఆకును పురుగుతో సహా పీకి పారేయవచ్చు.

ప్ర: డాబా మీద పిట్టగోడ వెంట టమాటా సంచులు పెట్టాను. వేసవిలో ఆ చోట వంగ బాగా కాసింది. ఇప్పుడు టమాటా సన్నగా సాగిపోయి, పూత రాలిపోతోంది. చలికేనా?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, సీతమ్మధార

జ: టమాటా పిందె కట్టడానికి ఈ రాత్రుల కన్నా మంచి రాత్రులు దొరకవండీ. మీ సంచులు దక్షిణపు పిట్టగోడ కింద ఉన్నాయని మా అనుమానం.

విశాఖలో మే రెండో వారం నుంచి జులై నెలాఖరు దాకా మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తిని దాటి కాస్త ఉత్తరానికి ఉంటాడు. అప్పుడు దక్షిణపు గోడ నీడ డాబా మీద పడదు. డిసెంబరులో అదే సూర్యుడు దక్షిణాన 49 డిగ్రీల ఎత్తుకు మించి లేవడు. మూడడుగుల పిట్టగోడ నీడ మిట్టమధ్యాహ్నమే రెండున్నర అడుగులు దాటుతుంది, ఉదయం సాయంత్రం ఇంకా పొడుగు. మీ సంచులు రోజంతా ఆ నీడలో కూర్చున్నట్టే. వెలుగు కోసం సాగడం, పూత నిలుపుకోలేకపోవడం రెండూ దానివల్లే.

ఉత్తరపు గోడ వైపుకు మార్చండి, లేదా సంచులను గోడ ఎత్తుకు బల్ల మీదికి ఎక్కించండి. 12 అంగుళాల సంచీ తడిసినప్పుడు పాతిక కిలోల పైనే తూగుతుంది. బల్ల ఇనుపదైతే మంచిది. బరువు డాబా మధ్యలో కాక, కింద గోడ లేదా దూలం ఉన్న చోట పడేలా చూసుకోండి. నీడలో మిగిలే ఆ రెండున్నర అడుగుల జాగా వృథా కాదు. పాలకూర, మెంతి, పుదీనా అక్కడ హాయిగా పెరుగుతాయి.

సాగిపోయిన మొక్కను పారేయక్కర్లేదు. కింది ఆకులు తుంచి, కాడను మెడ దాకా మట్టిలో దించితే కాడ పొడుగునా కొత్త వేళ్లు వస్తాయి. ఎండలోకి మారాక ఉదయం తొమ్మిది, పది మధ్య పూగుత్తి వెనక వేలితో తట్టండి. పుప్పొడి రాలి పిందె పడుతుంది.

ప్ర: ఇల్లు సముద్రానికి దగ్గర. బోరు నీళ్లే పోస్తాం. గులాబీ ఆకుల అంచులు ఎండిపోతున్నాయి, మట్టి మీద తెల్లగా పొర కడుతోంది. ఎరువు వేసిన కొద్దీ పెరుగుతోంది.
— పాఠకురాలు, లాసన్స్ బే కాలనీ

జ: ఆ తెల్లపొరను వేలితో గీరి చూడండి, గరగరలాడుతూ పొడిగా రాలుతుంది. అది ఉప్పు. నీళ్లలోంచి వచ్చింది కొంత, మీరు వేసిన ఎరువులోంచి వచ్చింది కొంత. వానాకాలమంతా వాన దాన్ని కడిగేస్తూ వచ్చింది, ఇప్పుడు వాన ఆగింది కాబట్టి కుండీలోనే పోగవుతోంది. పైగా చలికాలం కదా అని కొద్దికొద్దిగా నీళ్లు పోస్తుంటారు. అలా పోస్తే కింది చిల్లులోంచి ఒక్క చుక్క కారదు, ఉప్పుకు బయటికి దారుండదు.

ముందు ఎరువు ఆపండి. పై అంగుళం మట్టి తీసి పారేయండి. తరవాత కుళాయి నీళ్లు పట్టి, 20 లీటర్ల కుండీకి 40 లీటర్ల లెక్కన, గంట గంట విరామంతో మూడు నాలుగు విడతలుగా పోసి కింది నుంచి పూర్తిగా కారనివ్వండి. కుండీ కింద రెండు ఇటుకలు పెడితే నీళ్లు సాఫీగా పోతాయి. కారిన నీళ్ల పళ్లెంలో కుండీని మళ్లీ నిలబెడితే చేసిందంతా వృథా. నాలుగైదు రోజులు ఆగి గుప్పెడు వర్మికంపోస్టుతో మళ్లీ మొదలుపెట్టండి, ఉప్పుతోపాటు ఎరువు కూడా కొట్టుకుపోయి ఉంటుంది. నీళ్లను మెత్తబరిచే యంత్రం ఇంట్లో ఉంటే ఆ నీళ్లు మొక్కలకు పోయకండి. అది సున్నాన్ని తీసి సోడియం కలుపుతుంది, మొక్కకు అది ఇంకా చెరుపు.

నీళ్లలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరుతో బోరు నీళ్లు చూసుకోండి. 500 లోపు ఉంటే చింత లేదు. 1000 దాటితే గులాబీ, చిక్కుడు, క్యారెట్ గునుస్తాయి. కుళాయి నీళ్లు సగం కలిపి పోయాలి. పాలకూర, బీట్‌రూట్ మాత్రం తట్టుకుంటాయి. మనం తినే పాలకూర బీట్‌రూట్ జాతిదే మరి.

సముద్రపు గాలి సంగతి వేరు. వాయుగుండం పట్టి ఈదురుగాలి వీచిన మర్నాడు పొద్దున్నే ఆకులను మంచినీళ్లతో కడగండి. గాలికి అడ్డుగా రేకు కట్టొద్దు. గాలి దాని మీదనుంచి ఎగిరి వెనక సుడి తిరిగి మొక్కలను ఎక్కువ కొడుతుంది. సగం గాలిని వదిలే ఆకుపచ్చ షేడ్ నెట్ నయం. తుపాను హెచ్చరిక వస్తే అదే నెట్ తెరచాప అవుతుంది, ముందుగా విప్పేయాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ చూసినవాళ్లకు ఇది వివరించక్కర్లేదు. సముద్రం వైపు ముందు వరసలో గన్నేరు, కాగితం పూలు, బిళ్లగన్నేరు, నూరువరహాలు ఉంచి, గులాబీని వాటి చాటున పెట్టుకోండి.

ప్ర: ధనియాలు చల్లితే మొలవవు. గోంగూర మొలిచింది కానీ అడుగెత్తు రాగానే పూత పట్టి ఆకు చిన్నదైపోతోంది.
— మధురవాడ

జ: ధనియాలు అలాగే చల్లినట్టున్నారు. గింజ రెండు పప్పులుగా విడాలి. పాత గుడ్డలో పోసి చెప్పుతో మెల్లగా రుద్దండి, లేదా అప్పడాల కర్ర ఒత్తిడి పడీపడనట్టు దొర్లించండి. పొడి కాకూడదు. పది గంటలు నానబెట్టి, వార్చి, తడిగుడ్డలో ఒక రాత్రి మూటగట్టి, చదరపు అడుగుకు ఒక చెంచాడు చొప్పున అర అంగుళం లోతున వేయండి. మొలక రావడానికి 8–12 రోజులు. నాలుగో రోజుకే గిల్లి చూసేవాళ్లకు కొత్తిమీర దక్కదు. పది పదిహేను రోజులకో ట్రే వేసుకుంటూ పోతే ఫిబ్రవరి దాకా లోటుండదు, ఆ తరవాత వేడికి పూత పడుతుంది. అంత ఓపిక లేకపోతే మెంతి. మూడో రోజు మొలక, పాతిక రోజులకు పప్పులోకి.

గోంగూరది చామంతి కథే. పగలు కురచయ్యేసరికి పూతకు తిరుగుతుంది, మీరు ఆపలేరు. గిల్లుతూ కూర్చోకుండా దట్టంగా చల్లి, 25–30 రోజుల మొక్కను వేరుతో సహా పీకి వాడుకోండి. రెండు ఎర్ర గోంగూర మొక్కలను పూతకే వదిలేయండి, వాటి కాయల మీది ఎర్రటి రెక్కలు పచ్చడికి.

ప్ర: మల్లె కొమ్మలు ఇప్పుడు కత్తిరించాలా? మా ఇంట్లో గుండుమల్లె, సన్నజాజి రెండూ ఉన్నాయి.
— పెందుర్తి

జ: గుండుమల్లెను ఇప్పుడు, సన్నజాజిని జనవరి నెలాఖరున. జాజి కూడా ఉంటే దానికి డిసెంబరు చివరి వారం.

గుండుమల్లె నేలలో ఉంటే పది పదిహేను రోజులు నీళ్లు కట్టేయండి, కుండీలో ఉంటే మట్టి రెండు అంగుళాలు ఎండాకే పోయండి. ఆకు వడలినట్టు అవగానే నేలలోదాన్ని అడుగున్నర, కుండీలోదాన్ని అడుగు ఎత్తుకు కోసి, మిగిలిన ఆకులు దూసేయండి. ఎండుపుల్లలు, లోపలికి తిరిగిన కొమ్మలు మొదలంటా తీసేయాలి. మొదలు చుట్టూ గుల్లచేసి రెండు మూడు రోజులు ఎండ తగలనిచ్చి, మాగిన పశువుల గత్తం కుండీకి రెండు గుప్పిళ్లు, నేలలో అయితే బొచ్చెడు వేసి నిండా నీళ్లు పోయండి. ఆకులు దూయడానికి మనసొప్పక వదిలేసేవాళ్ల మల్లె మార్చిలో ఆకులతో కళకళలాడుతుంది, పూలు పక్కింట్లో పూస్తాయి.

ప్ర: చిక్కుడు పాదుకు పూగుత్తుల నిండా నల్లటి పేను పట్టింది. చీమలు బారులు తీరాయి. సర్ఫు నీళ్లు చల్లితే ఆకులు మాడాయి.
— మర్రిపాలెం

జ: బట్టల సబ్బుపొడిలో సోడా ఉంటుంది, ఆకును మాడుస్తుంది. ఆ ప్రయోగం ఆపండి. పట్టింది పేనుబంక. అది చిమ్మే తీపి జిగురు కోసం చీమలు దాన్ని పశువుల మందలా కాచుకుంటాయి, దాన్ని తినే పురుగులను దరిచేరనివ్వవు. అందుకని ముందు చీమల దారి మూయాలి. పందిరి గుంజలకు, కాడ ఎక్కే కర్రకు గుడ్డపట్టీ చుట్టి దానిమీద గ్రీజు రాయండి. కాడకు నేరుగా రాయొద్దు. తరవాత బాగా పట్టిన చివుళ్లను కత్తిరించి సంచీలో కట్టి పారేయండి. మిగిలినవాటిని పొద్దున్నే పైపు కొనను బొటనవేలితో నొక్కి ధారగా కొట్టండి. కిందపడ్డ పేను చాలా మటుకు మళ్లీ పైకి ఎక్కలేదు.

మూడు రోజులకు ఇంకా ఉంటే వేపనూనె. అర గ్లాసు గోరువెచ్చని నీళ్లలో 1–2 గ్రాముల మామూలు స్నానపు సబ్బు కరిగించి, అందులో 5 మిల్లీలీటర్ల వేపనూనె పోసి పాలలా తెల్లబడేదాకా గిలకొట్టి, అప్పుడు లీటరుకు నింపండి. నూనె ముందు నీళ్లలో పోస్తే తేలిపోతుంది, ఒక ఆకుకు నూనె, ఒక ఆకుకు నీళ్లు. సాయంత్రం తేనెటీగలు పోయాక, ఆకు అడుగు తడిసేలా, వారం తేడాతో రెండుసార్లు. చల్లేముందు ఒక్క నిమిషం ఆగి గుత్తులను దగ్గరగా చూడండి. నల్లటి ఒంటి మీద నారింజ మచ్చలతో, బుల్లి మొసలిలా ఆరు కాళ్ల మీద పాకేది కనబడితే అది అక్షింతల పురుగు పిల్ల. రోజుకు పదుల కొద్దీ పేలను తింటుంది. అలాంటివి నాలుగైదు కనబడితే మందు అక్కర్లేదు.

యూరియా వేసి ఉంటే వచ్చేసారి మానండి. నత్రజని ఎక్కువై లేతబడిన చివురంటే పేనుకు ప్రాణం. రథసప్తమికి ఆకులూ కాయలూ కావాలనుకుంటే ఆ ముందు వారం ఏమీ చల్లకండి.

ప్ర: పెరట్లో మామిడి పూత వచ్చాక మంచుకు నల్లబడి రాలిపోతోంది. పూత మీద పొద్దున నీళ్లు కొట్టి మంచు కడగమంటున్నారు.
— సింహాచలం

జ: నీళ్లు కొడితే పుప్పొడి పోతుంది, బూడిద తెగులుకు ఇంకాస్త ఊతం దొరుకుతుంది. మీరు మంచు అంటున్నది రెండు వేరువేరు సంగతులు కావచ్చు. పూగుత్తి మీద తెల్లటి పిండిలా ఉంటే బూడిద తెగులు. ఆకులు జిగురుగా అంటుకుంటూ, చెట్టు కింద నడిస్తే చిటపటమని చిన్న పురుగులు ఎగిరితే తేనెమంచు పురుగు. ఆ జిగురు మీద మసి పట్టి పూత నల్లబడుతుంది.

బూడిదకు పూమొగ్గలు విచ్చుకోకముందే నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు. పురుగుకు పూగుత్తులు అప్పుడే పొడుచుకొస్తున్నప్పుడు పైన చెప్పిన వేపనూనె, కాండం పగుళ్లు కూడా తడిసేలా. గంధకానికీ నూనెకూ మధ్య కనీసం రెండు వారాలు తేడా ఉండాలి, కలిస్తే ఆకు మాడుతుంది. పూలు విచ్చాక ఏదీ చల్లకండి. మామిడి పూతను కాయ చేసేది ఈగలూ చిన్న పురుగులే. నీళ్లు కూడా పిందె బఠాణీ అంత అయ్యాకే. డిసెంబరులో ప్రేమకొద్దీ నీళ్లు పోస్తే పూత బదులు ఎర్రటి చివురు వస్తుంది.

ప్ర: సాయంత్రం మేడ మీద కుర్చీలు వేసుకుని కూర్చోవాలని ఉంది. ఏ పూలు పెట్టుకోమంటారు? దోమలతో చేరలేకపోతున్నాం.
— దంపతులు, పెదవాల్తేరు

జ: ఈ రోజుల్లో అయిదున్నర కాకముందే పొద్దుగూకుతుంది. ఎర్ర పూలు, ఊదా పూలు చీకట్లో కలిసిపోతాయి. కుర్చీల దగ్గర తెల్ల పిటూనియా, నందివర్ధనం పెట్టండి, మసకలోనూ మెరుస్తాయి. రంగురంగుల పిటూనియా, డయాంథస్, బంతి, కనకాంబరం, డిసెంబరం పూలు పొద్దుటి కాఫీ వేళకు, తూర్పు వైపు. పిటూనియా వాడిన పువ్వును రేకలు మాత్రమే లాగితే కింద గింజకాయ మిగిలిపోతుంది, మొక్క పూయడం తగ్గిస్తుంది. కాడతో సహా తుంచాలి. నైట్‌క్వీన్ ఒక్క కుండీ చాలు, అదీ కుర్చీకి పదడుగుల అవతల. దగ్గరుంటే ఆ వాసనకు తలనొప్పి.

దోమలకు మందు మీ కుండీల కింది పళ్లాల్లోనే ఉంది. నిలవ నీళ్లలో గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. వారానికోసారి, ఫలానా రోజని పెట్టుకుని, పళ్లాలన్నీ బోర్లించండి. లేదా పళ్లెం నిండా ఇసుక పోయండి. వెలుగు కోసం దీపాల దండలు కడతామంటే కట్టండి, చామంతి ఉన్న మూలకు మాత్రం కాదు.

ప్ర: సంక్రాంతికి అయిదు రోజులు ఊరెళతాం. నీళ్లు పోసేవాళ్లు లేరు.
— మురళీనగర్

జ: జనవరిలో అయిదు రోజులు పెద్ద గండం కాదు. 20 లీటర్ల సంచులకు వెళ్లే రోజు పొద్దున కింద కారేదాకా పోసి, పైన రెండు అంగుళాల ఎండుటాకు లేదా కొబ్బరి పీచు పరిస్తే చాలు. ఆరంగుళాల కుండీలతోనే చిక్కు. అవన్నీ నీడలో ఒకదానికొకటి ఆనించి పెట్టి, మధ్యలో బకెట్ నీళ్లు కుండీల కన్నా ఎత్తులో ఉంచి, పాత నూలు పంచె చింపిన పట్టీలను ఒక కొన బకెట్ అడుగుకు, ఇంకో కొన మట్టిలో రెండంగుళాల లోతుకు దించండి. పట్టీని ముందే తడపాలి, పొడి గుడ్డ నీళ్లు లాగదు. పాలిస్టరు పనికిరాదు. ఈ ఏర్పాటు ప్రయాణానికి మూడు రోజుల ముందే చేసి చూసుకోండి. బకెట్ ఒక్క రాత్రికే ఖాళీ అయితే పట్టీలు సన్నం చేయాలి, మట్టి పొడిబారితే ఇంకోటి వేయాలి. బకెట్ మీద మూత మరవకండి, లేకపోతే తిరిగొచ్చేసరికి దోమపిల్లలు ఈదుతుంటాయి.

వెళ్లేముందు ఎరువు వేయొద్దు. విచ్చిన బంతిపూలన్నీ కోసి మీతోపాటు తీసుకెళ్లండి, గొబ్బెమ్మలకు పనికొస్తాయి, మొక్కకు బరువూ తగ్గుతుంది. వచ్చాక ఏదైనా వడలి కనబడితే వెంటనే బకెట్లు గుమ్మరించకుండా ముందు మట్టిలో వేలు పెట్టి చూడండి. తడిగా ఉండి కూడా వడలిందంటే నీళ్లు ఎక్కువై వేరు కుళ్లింది. దానికి నీళ్లు కాదు, మట్టి ఆరడం కావాలి.